కబడ్డీలో కూతల పంపకం

మ్యాచ్ మొత్తంలో తమకు వచ్చే కూతలను ఒక్కడి నెత్తినే పెట్టకుండా ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి నలుగురు రైడర్ల మధ్య వంతులు వేసుకుని ఆడే పద్ధతిని కూతల పంపకం అనవచ్చు. ఎవరు ముందు వెళ్లాలి, ఎవరు ఊపిరి తీసుకోవాలి, ఎదుటి బరిలో ఏడుగురూ ఉన్నప్పుడు ఎవరిని పంపాలి, ముగ్గురే మిగిలినప్పుడు ఎవరిని పంపాలి అనే నిర్ణయాలన్నీ ఇందులోకే వస్తాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే పనిని పలువురు రన్నింగ్ బ్యాక్‌లకు పంచే పద్ధతికి మన ఆటల్లో దీనికంటే దగ్గరిది లేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం వైపు తిరునాళ్లలో, సంక్రాంతి పోటీల్లో ఆడే ఊరి జట్లకూ, కోట్లు పోసి రైడర్లను కొనే ప్రొ కబడ్డీ లీగ్ జట్టు తెలుగు టైటన్స్‌కూ ఇది ఒకే రకంగా ఎదురయ్యే సమస్య. ప్రేక్షకులు పెద్దగా పట్టించుకోరు గానీ, మ్యాచ్ ఫలితాన్ని తేల్చడంలో రైడర్ గొప్పతనానికి ఎంత పాత్ర ఉందో ఈ పంపకానికీ అంతే ఉంది.

ఔటయిన వాణ్ని లేపేదెవరు

క్రికెట్‌లో బ్యాటర్ ఔటైతే అతడి పని అక్కడితో సరి. కబడ్డీలో అలా కాదు. కూతకెళ్లిన వాడు పట్టుబడితే ఎదుటి జట్టుకు ఒక పాయింటు వస్తుంది, ఆ ఆటగాడు బయట కూర్చుంటాడు. అతడు మళ్లీ లోపలికి రావాలంటే సొంత జట్టు వాళ్లెవరో ఒకరు ఎదుటి వాళ్లలో ఒకణ్ని ఔట్ చేయాలి. ఎంతమందిని ఔట్ చేస్తే అంతమంది లేస్తారు. అదీ ఔటయిన వరుసలోనే. జట్టులో అందరికంటే గొప్ప రైడర్ మూడో వాడిగా ఔటైతే, ముందు పోయిన ఇద్దరూ లేచిన తర్వాతే అతడి వంతు వస్తుంది. బోనస్ పాయింటుతో స్కోరు పెరుగుతుంది గానీ ఎవరూ లేవరు.

పంపకం అవసరం పుట్టేది ఇక్కడే. ఒక్క రైడర్ మీదే ఆధారపడ్డ జట్టుకు అతడు పట్టుబడిన మరుక్షణం నుంచి ఏమవుతుందో చూద్దాం. బరిలో ఆరుగురు మిగులుతారు. వారిలో నలుగురు మూలల్లో, కవర్లలో నిలబడి పట్టు పట్టడానికి అలవాటు పడ్డవాళ్లు, కూత వాళ్ల పని కాదు. రెండో రైడర్ వెళ్లి ఖాళీగా వస్తాడు. ఎదుటి జట్టు రైడర్ వచ్చి ఇంకొకణ్ని తాకిపోతాడు. మళ్లీ కూత, మళ్లీ ఖాళీ. మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే వెళ్లిన వాడు ఔట్. ఇలా నాలుగైదు కూతల్లో ముగ్గురికి దిగిపోతారు. అప్పుడు మూలన నిలబడేవాడు కూతకు పోవాల్సి వస్తుంది. ఆ తర్వాత ఆలౌట్, ఎదుటి వాళ్లకు అదనంగా రెండు పాయింట్లు. అంతసేపూ ఆ గొప్ప రైడర్ గీత బయట కూర్చుని చూస్తూ ఉంటాడు.

కాబట్టి రెండో రైడర్, మూడో రైడర్ చేసే మొదటి పని మొదటి వాణ్ని బతికించడం. పాయింట్ల పట్టికలో వాళ్ల పేరు ఎదురుగా చిన్న అంకెలే కనబడవచ్చు. కానీ ప్రధాన రైడర్ బయట ఉన్నప్పుడు వాళ్లు తెచ్చిన ఒక్క టచ్ పాయింటు అతణ్ని తిరిగి బరిలోకి దించుతుంది. ఆ తర్వాత అతడు తెచ్చే పాయింట్లలో వాళ్ల వాటా ఎంతన్నది ఏ లెక్కలోనూ రాదు. కబడ్డీ గణాంకాల్లో ఇంతకంటే పెద్ద లోటు లేదు.

నలభై కూతల లెక్క

పురుషుల మ్యాచ్ 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఒక్కో కూతకు గరిష్ఠంగా 30 సెకన్లు. రెండు జట్లూ వంతులవారీగా వెళ్తాయి కనుక ఒక్కో జట్టుకు సుమారు 40 కూతలు దక్కుతాయి. ఒకేసారి ఇద్దరు ఎదుటి బరిలోకి వెళ్లకూడదు. అయితే ఒకే ఆటగాడు వరుసగా ఎన్నిసార్లు వెళ్లినా నియమం అడ్డురాదు. అంటే నలభై కూతలనూ ఒకడికే గంపగుత్తగా ఇచ్చినా తప్పులేదు. ఇవ్వలేకపోవడానికి కారణం ఒంట్లో ఉంది.

కూత పూర్తయ్యేదాకా ఊపిరి తీయకుండా ‘కబడ్డీ, కబడ్డీ’ అంటూ ఉండాలి. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలోని బాక్‌లైన్‌ను ఒక్కసారైనా దాటాలి. బోనస్ కావాలంటే మరో మీటరు లోపలికి వెళ్లి, ఒక కాలు గీత అవతల మోపి, రెండో కాలు గాలిలోకి లేపాలి. ఈలోగా ఏడుగురు చుట్టుముడుతుంటారు. చీలమండను ఒకడు పట్టుకుంటే నడుమును ఇంకొకడు కరుచుకుంటాడు. ఇద్దరు ముగ్గురిని ఈడ్చుకుంటూ గీతకు చెయ్యి చాపడమంటే మోకాళ్ల మీద, భుజాల మీద, నడుము మీద ఎంత బరువు పడుతుందో ఊహించుకోవచ్చు. ఇలాంటివి ఇరవై అయ్యాక ఆఖరి అయిదు నిమిషాల్లో అదే మనిషి అదే వేగంతో వెనక్కి తిరగలేడు. ఎదుటి జట్టు కోచ్ ఎదురు చూసేదీ ఆ అయిదు నిమిషాల కోసమే.

అలవాటు పడిపోవడం అనే సమస్య కూడా ఉంది. కుడివైపు నుంచి వచ్చి, ఎడమ మూలలోని వాడి మీద చెయ్యి విసిరి, వెనక్కి దూకే రైడర్‌ను పదిసార్లు చూసిన డిఫెన్స్ పదకొండోసారి అతడి కాలు ఎక్కడ పడుతుందో ముందే పసిగడుతుంది. మధ్యలో ఎడమవైపు నుంచి వెళ్లేవాడు ఒకడుంటే డిఫెన్స్ గొలుసు మళ్లీ మళ్లీ సర్దుకోవాలి. అందుకే మంచి కోచ్‌లు ముగ్గురు రైడర్లను ఎంచేటప్పుడు ముగ్గురూ ఒకే తీరు వాళ్లు కాకుండా చూస్తారు. ఒకడు చేయి బాగా సాగేవాడు, ఒకడు బోనస్ మీద కన్నున్నవాడు, ఒకడు బలంతో గుంజుకొచ్చేవాడు.

ముగ్గురు అనే సంఖ్యకు కూడా కారణం ఉంది. ఏడుగురిలో ఇద్దరు మూలలకు, ఇద్దరు కవర్లకు పోతే మిగిలేది ముగ్గురే. వాళ్లు నడిమన, దాని రెండు పక్కలా నిలబడతారు. నాలుగో రైడర్ కావాలంటే ఒక డిఫెండర్‌ను తగ్గించుకోవాలి, లేదా రెండు పనులూ చేయగల ఆల్‌రౌండర్ దొరకాలి. పట్టు పట్టే వేళ ప్రధాన రైడర్‌ను వెనక్కి ఉండమనడం సాధారణం. తొందరపడి చెయ్యి వేసి ఔటయితే జట్టు పట్టుతో పాటు కూతనూ పోగొట్టుకుంటుంది.

డూ ఆర్ డై వంతు

వరుసగా రెండు కూతలు ఖాళీగా వచ్చాక మూడోదానికి పాయింటు తప్పనిసరి అనే నియమం వచ్చిన తర్వాత పంపకం కొత్త రూపం తీసుకుంది. ముందున్న జట్టు మొదటి రెండు కూతలనూ సమయం గడపడానికే వాడుకుంటుంది. ఆ రెండింటికీ ప్రధాన రైడర్‌ను పంపితే అతడి ఊపిరి వృథా. పంపకపోతే మూడో కూతకు తాజాగా ఉంటాడు. కొన్ని జట్లు దీన్ని తిరగేసి, మూడో కూతకే ప్రత్యేకంగా ఒక రైడర్‌ను పెట్టుకుంటాయి. అతడు పట్టుబడినా జట్టు కూత సామర్థ్యం పెద్దగా తగ్గదు, తెస్తే అంతా లాభమే. ఈ రెండో పద్ధతిలో త్యాగం ఎక్కువ. ఎప్పుడూ కష్టమైన కూతకే వెళ్లేవాడు ఎక్కువసార్లు ఔటవుతాడు, అతడి సగటు అధ్వానంగా కనబడుతుంది. అతడి విలువ తెలిసినవాళ్లు ఆ సగటు చూసి మోసపోరు.

మార్కాపురం, గిద్దలూరు బరుల్లో

1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నెల్లూరు నుంచి వచ్చి చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. పడమర నల్లమల, మధ్యలో గుండ్లకమ్మ, పలకల గనుల మార్కాపురం, పెద్ద చెరువున్న కంభం. వానలు సరిగా లేని ఈ మెట్ట ప్రాంతం నుంచి పనుల కోసం హైదరాబాద్, గుంటూరు వైపు వలస పోవడం దశాబ్దాలుగా ఉంది. ఊరి కబడ్డీ జట్టు తీరును ఈ వలస కూడా నిర్ణయిస్తుంది. ఏడాదంతా కలిసి సాధన చేసే జట్టు అరుదు. సంక్రాంతికి బస్సు దిగినవాళ్లు, గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లలో దిగినవాళ్లు, ఊళ్లోనే సేద్యం చూసుకునేవాళ్లు కలిస్తే ఆ పండక్కి ఒక జట్టు. ఎవరు ఎన్ని కూతలకు వెళ్లాలన్నది అప్పటికప్పుడు బరిలోనే తేలుతుంది.

పోటీలు సాధారణంగా రాత్రిపూట, ఫ్లడ్‌లైట్ల కింద. నేలను చదును చేసి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తారు. మ్యాట్ ఉన్నచోట సంగతి వేరు. మట్టి బరిలో మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోతాయి. నాకౌట్ పద్ధతి కాబట్టి గెలిచిన జట్టు ఒకే రాత్రి రెండు మూడు మ్యాచ్‌లు ఆడాల్సి వస్తుంది. అందుకని నిర్వాహకులు ఆట సమయం కుదిస్తారు. అయినా తెల్లవారుజామున ఫైనల్ ఆడే రైడర్ అప్పటికే ఎన్నో కూతలు కూసి ఉంటాడు. లీగ్ ఆటగాడికి మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య రోజుల విరామం ఉంటుంది, ఫిజియో ఉంటాడు. ఊరి రైడర్‌కు మధ్యలో దొరికేది ఒక సోడా, ఇంత గ్లూకోజు పొడి. పంపకం అవసరం లీగ్ కంటే ఇక్కడే ఎక్కువ.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి. మ్యాచ్ మొదలయ్యే ముందు కెప్టెన్ మోకాళ్ల మీద కూర్చుని చుట్టూ ఉన్నవాళ్లకు వంతులు చెబుతాడు. మొదటి కూత తనది కాదు. ముందు ఒక చురుకైన పిల్లవాణ్ని పంపుతాడు. “పోయి బోనస్ చూసుకొని వచ్చెయ్, ఎవుర్నీ ముట్టబాకు” అంటాడు. ఆ కుర్రాడి పని ఎదుటి మూలల్లో ఎవడు ఎడమచేతివాడు, ఎవడు తొందరపడి దూకుతాడు, ఎవడు చీలమండ మీద కన్నేశాడు అని చూసి రావడం. వెనక్కి రాగానే కెప్టెన్ చెవిలో ఒక్క మాట వేస్తాడు. రెండోసారి కెప్టెన్ వెళ్తాడు. పాయింటు తెచ్చాడంటే జనం ఈలలు, మైకులో పేరు, తొడ చరుపులు. మూడో కూతకూ అతణ్నే వెళ్లమని గోల. తెలివైన కెప్టెన్ ఆ గోలకు లొంగడు. “ఈసారి నువ్వు పోరా” అని పక్కవాడి వీపు తడతాడు. అతడు ఔటయితే పట్టు బిగుస్తుంది, రెండు నిమిషాల్లో లేపుతారు. కెప్టెన్ ఔటయితే లేపేవాడు కనబడడు.

ఈ పంపకానికి అడ్డుపడేవి రెండు. మొదటిది బహుమతులు. జట్టుకిచ్చే నగదుతో పాటు ఉత్తమ రైడర్‌కు వేరే బహుమతి పెట్టడం పోటీల్లో మామూలే. ఒక్కోసారి బరి పక్కన కూర్చున్న దాత నాలుగు పాయింట్లు తెచ్చినవాడికి అక్కడికక్కడే నోటు ప్రకటిస్తాడు. ప్రోత్సాహం మంచిదే. కానీ కూతలు వదులుకున్నవాడికి ఏమీ రాదని తెలిసినప్పుడు ఏ కుర్రాడు వదులుకుంటాడు? ఉత్తమ రైడర్‌కు ఇచ్చే బహుమతిలో సగమైనా జట్టులోని రైడర్లందరికీ కలిపి ఇస్తే ఊరి కబడ్డీ నాణ్యత మారుతుందని నా అభిప్రాయం.

రెండోది, బయటి ఊరి రైడర్‌ను తెచ్చుకోవడం. పల్నాడు నుంచో నంద్యాల నుంచో పేరున్న ఒకడిని దారి ఖర్చులిచ్చి రప్పించిన ఊరు, కూతలన్నీ అతడికే ఇచ్చి ఖర్చు రాబట్టుకోవాలని చూస్తుంది. అతడొచ్చిన ఏడాది ఊరు గెలుస్తుంది. కానీ ఊళ్లో కూతకు పోదగ్గ ఇద్దరు పిల్లలు ఆ ఏడాదంతా మూలల్లో నిలబడి ఉంటారు. మరుసటి ఏడు అతడు వేరే ఊరికి ఆడితే వీళ్లకు బోనస్ గీత కూడా కొత్తగానే ఉంటుంది.

తెలుగు సినిమా కూడా ఒక్కడి పక్షమే. ‘ఒక్కడు’ (2003) నుంచి ‘భీమిలి కబడ్డీ జట్టు’ (2010) మీదుగా ‘సీటీమార్’ (2021) దాకా కబడ్డీకి తెరమీద గొప్ప స్థానమే దక్కింది. ఎంతోమంది పిల్లలు ఆ సినిమాలు చూసే బరిలోకి దిగారు. కథకు ఆఖరి కూత ఒక్కడిదే కావాలి, అది కథ ధర్మం. ఆటలో ఆఖరి కూతకు ఎవరు తాజాగా ఉన్నారన్నది అంతకుముందు ముప్పై తొమ్మిది కూతలు ఎలా పంచారన్నదాన్ని బట్టే ఉంటుంది.

తెలుగు టైటన్స్ అనుభవం

2014 జులైలో మొదలైన ప్రొ కబడ్డీ లీగ్‌లో తెలుగువాళ్ల జట్టు తెలుగు టైటన్స్. పంపకం ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో ఈ ఒక్క జట్టు చరిత్రలోనే కనబడుతుంది.

మొదటి రెండు సీజన్లలో రాహుల్ చౌదరి, దీపక్ హుడా, సుకేశ్ హెగ్డే ఒకే జట్టులో ఉన్నారు. రాహుల్ ముందుండి నడిపినా కూతలు ముగ్గురి మధ్య తిరిగేవి. 2015లో రెండో సీజన్‌ను టైటన్స్ మూడో స్థానంతో ముగించింది. తర్వాత దీపక్ పుణెకు వెళ్లిపోయాడు. రాహుల్ మీద భారం పెరుగుతూ పోయింది. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు అందుకున్న తొలి ఆటగాడు అతడే. అది అతడి ప్రతిభకు గుర్తు. జట్టు వేరే దారి చూసుకోలేదనడానికి కూడా గుర్తే.

2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ను రూ. 1.45 కోట్లకు కొన్నారు. ఆ వేలంలో అదే అత్యధిక ధర. అతడు రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చి తన మాట నిలబెట్టుకున్నా జట్టు 11వ స్థానంలో ఆగిపోయింది. తర్వాతి సీజన్ ఆరంభంలోనే అతడు గాయంతో తప్పుకున్నాడు. అంకిత్ బేనివాల్, రజనీశ్ అనే కొత్తవాళ్లు ఒక్కసారిగా ముందుకు రావాల్సి వచ్చింది. శాయశక్తులా పోరాడి కొన్ని మ్యాచ్‌లను టైలుగా ముగించగలిగారు. మొత్తం సీజన్‌లో దక్కిన విజయం మాత్రం ఒక్కటే.

తొమ్మిదో సీజన్ (2022) ఈ వ్యాసంలోని వాదనకు గట్టి పరీక్ష. అప్పుడు టైటన్స్‌లో సిద్ధార్థ్ దేశాయ్‌తో పాటు మోనూ గోయత్, అభిషేక్ సింగ్ ఉన్నారు. ముగ్గురూ పేరున్న రైడర్లే. కాగితం మీద పంపకానికి ఇంతకంటే మంచి జట్టు దొరకదు. అయినా 22 మ్యాచ్‌ల్లో 2 మాత్రమే గెలిచారు. రైడర్లు ఎక్కువ ఉండటం వేరు, వాళ్ల మధ్య పని కుదరడం వేరు. ఎవరిది మొదటి కూత, ఎవరిది మూడోది అన్నది మ్యాచ్ మ్యాచ్‌కూ మారుతుంటే ముగ్గురూ సగం సగం ఆడతారు. వెనక డిఫెన్స్ ఎదుటి రైడర్లను పట్టలేకపోతే ఔటయిన వాళ్లు లేచే దారి మరీ సన్నబడుతుంది. అప్పుడు ఎంత బాగా పంచినా పంచడానికి బరిలో మనుషులుండరు.

2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను టైటన్స్ రూ. 2.605 కోట్లకు తీసుకుంది. అప్పటికి లీగ్ చరిత్రలో అదే రికార్డు ధర. పవన్ ఆడాడు, ఒంటి చేత్తో లాక్కురావాలని చూశాడు. జట్టు మళ్లీ 2 విజయాలతో అట్టడుగున నిలిచింది. డిఫెన్స్‌లు పవన్‌ను కాచుకుని కూర్చునేవి, అతడు బయటికి వెళ్తే టైటన్స్ కూత చల్లబడేది.

2024లో కృష్ణకుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. పవన్‌ను రూ. 1.725 కోట్లకు మళ్లీ దక్కించుకున్నారు. ఈసారి పక్కన విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ ఉన్నారు. సీజన్ నడుమ పవన్ గాయపడ్డాడు. మునుపటి టైటన్స్ అయితే అక్కడితో చేతులెత్తేసేది. ఈసారి విజయ్ పగ్గాలు తీసుకున్నాడు, ఆశిష్ డూ ఆర్ డై కూతల్లో నిలబడ్డాడు. 22 మ్యాచ్‌ల్లో 12 గెలిచి, ప్లేఆఫ్స్ గడపదాకా వచ్చి ఏడో స్థానంతో ఆగారు. 2025లో పవన్ లేడు. కెప్టెన్ విజయ్‌కు భరత్ హుడా తోడయ్యాడు. టైటన్స్ ప్లేఆఫ్స్‌కు చేరి క్వాలిఫయర్-2 దాకా వెళ్లింది. వరుసగా మూడు సీజన్లు అడుగున పడి ఉన్న జట్టు రెండేళ్లలో ఇక్కడికి రావడానికి డిఫెన్స్ మెరుగవడం ఒక కారణం. విజయ్ మలిక్ ఆట తీరు ఇంకో కారణం. అతడు తొందరపడడు. బోనస్ తీసుకుంటాడు, ఖాళీగా రావడానికి సిగ్గుపడడు, భారీ కూత అవసరమైనప్పుడే సాహసం చేస్తాడు. రెండో రైడర్‌గా పెరిగినవాడికి వచ్చే గుణమిది.

పట్నా, దిల్లీ, పుణె

విజయ్ ఆ గుణం చూపించింది దిల్లీ జట్టులో. 2022 ఫిబ్రవరి 25న బెంగళూరులో జరిగిన ఎనిమిదో సీజన్ ఫైనల్లో దబంగ్ దిల్లీ 37-36తో పట్నా పైరేట్స్‌పై గెలిచింది. దిల్లీ అనగానే గుర్తొచ్చే పేరు నవీన్ కుమార్. ఆ రోజు నవీన్ 13 పాయింట్లు తెచ్చాడు, విజయ్ 14.

ఓడిన పట్నా కథ ఇంకా ఆసక్తికరం. ఆ జట్టుకు ప్రదీప్ నర్వాల్ ఉన్న కాలంలో మూడు, నాలుగు, అయిదు సీజన్లలో వరుస టైటిళ్లు దక్కాయి. అయిదో సీజన్‌లో ప్రదీప్ 369 రైడ్ పాయింట్లు చేశాడు. హరియాణా స్టీలర్స్‌పై ఒక్క మ్యాచ్‌లోనే 34. ఒక్కడే గెలిపించాడని అందరూ అనుకున్న ఆ సీజన్‌లో పక్కన మోనూ గోయత్ 190కి పైగా రైడ్ పాయింట్లు తెచ్చిన సంగతి చాలామందికి గుర్తుండదు. మరుసటి వేలంలో మోనూ రూ. 1.51 కోట్లకు హరియాణాకు వెళ్లాడు. ప్రదీప్ ఉన్నాడు, 200 దాటాడు. పట్నా ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఏడో సీజన్‌లో ప్రదీప్ 300 దాటినా ఎనిమిదో స్థానమే. తర్వాత ప్రదీప్ యూపీ యోధా జట్టుకు వెళ్లిపోయాక పట్నా సచిన్ తన్వర్, గుమన్ సింగ్, ప్రశాంత్ కుమార్ రాయ్, తిరిగొచ్చిన మోనూ గోయత్‌ల మధ్య కూతలు పంచి లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచింది, ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడింది.

పంపకానికి నిండైన ఉదాహరణ పదో సీజన్ పుణెరి పల్టన్. అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే, ఆకాశ్ శిందే. ఆ సీజన్ రైడ్ పాయింట్లలో మొదటి అయిదుగురిలో పుణె ఆటగాడు ఒక్కడూ లేడు. కప్పు మాత్రం పుణెదే. 2024 మార్చి 1న హైదరాబాద్ గచ్చిబౌలిలో జరిగిన ఫైనల్లో హరియాణాపై 28-25తో గెలిచింది. టైటన్స్ అడుగున నిలిచిందీ అదే సీజన్‌లో. రెండు దారుల ఫలితాలూ ఒకే సీజన్‌లో కనబడ్డాయి.

ఒక్క రైడర్‌తో గెలవలేరని దీనర్థం కాదు. ఆరో సీజన్‌లో బెంగళూరు బుల్స్‌కు పవన్ సెహ్రావత్ 271 రైడ్ పాయింట్లు తెచ్చాడు, ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు కొట్టి కప్పు అందించాడు. కానీ అక్కడ కూడా కెప్టెన్ రోహిత్ కుమార్ రెండో వంతు మోశాడు. అదే పవన్ తొమ్మిదో సీజన్‌లో తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలి గాయంతో సీజన్‌కు దూరమైతే, నరేందర్ అనే కుర్రాడు 243 రైడ్ పాయింట్లతో ముందుకొచ్చాడు, అజింక్య పవార్ తోడు నిలిచాడు, జట్టు సెమీఫైనల్‌కు చేరింది. పవన్ ఆడి ఉంటే నరేందర్‌కు అన్ని కూతలు దక్కేవి కావు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో

అమెరికాలోని తెలుగు పిల్లలు హైస్కూల్లోనే పరిచయం చేసుకునే ఆట ఇది. బంతిని చంకలో బిగించి, ఎదుటి వాళ్ల గోడలో సందు చూసుకుని దూసుకుపోయేవాడు రన్నింగ్ బ్యాక్. అలా పరుగెత్తిన ప్రతిసారీ ఒక క్యారీ. 1972లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 17 గెలిచిన మయామి డాల్ఫిన్స్‌లో లారీ జోంకా, మెర్క్యురీ మోరిస్ ఇద్దరూ వెయ్యి గజాలు చేరుకున్నారు, జిమ్ కీక్ మూడోవాడు. ఒకే జట్టులో ఇద్దరు వెయ్యి గజాలు అందుకోవడం అదే మొదలు. 2009లో కరోలినా పాంథర్స్ తరఫున జొనాథన్ స్టీవర్ట్, డియాంజెలో విలియమ్స్ చెరి 1,100 గజాలు దాటారు. దీనికి వ్యతిరేకం 2006లో కాన్సస్ సిటీ చీఫ్స్. లారీ జాన్సన్ ఒక్క సీజన్‌లో 416 క్యారీలు మోసి రికార్డు సృష్టించాడు. మరుసటి ఏడాది సగంలోనే పాదం గాయంతో ఆగిపోయాడు, మళ్లీ ఆ స్థాయి అందుకోలేదు. ఇప్పుడు చాలా జట్లు ఇద్దరిని లేదా ముగ్గురిని తిప్పుతున్నాయి. ఫుట్‌బాల్‌లో పడగొట్టినవాడు లేచి మళ్లీ ఆడతాడు. కబడ్డీలో పట్టుబడ్డవాణ్ని ఇంకొకడు లేపాలి. ఈ తేడా వల్లనే కబడ్డీలో పంపకానికి బలం ఎక్కువ.

నియమమే పంచమన్నచోట

నాకౌట్ మ్యాచ్ సమంగా ముగిస్తే ఫలితం తేల్చడానికి ఒక్కో జట్టుకు అయిదు కూతలు ఇస్తారు. ఆ అయిదింటికీ అయిదుగురు వేర్వేరు ఆటగాళ్లు వెళ్లాలి. పేర్లు, చొక్కా నంబర్లు వరుసక్రమంలో ముందే రాసివ్వాలి. అప్పుడు బాక్‌లైనే బోనస్ గీతగా కూడా పనిచేస్తుంది. ఔటయిన వాళ్లు బయటికి పోవడం, లేవడం ఉండదు. అప్పటికీ తేలకపోతే గోల్డెన్ రైడ్ అనే నిర్ణాయక కూత. 2025లో ప్రొ కబడ్డీ లీగ్ దశ మ్యాచ్‌లకూ ఇలాంటి టైబ్రేకర్‌ను తెచ్చింది. ముగ్గురు రైడర్లతో నెట్టుకొచ్చిన జట్టుకు ఇక్కడ ఇంకో ఇద్దరు కావాలి. అంటే మూలల్లో, కవర్లలో నిలబడేవాళ్లు కూడా కూత నేర్చుకోక తప్పదు.

2023 డిసెంబర్ 26న మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో కబడ్డీని గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి ఆడించారు. చిన్న చిన్న ఊళ్ల నుంచి కూడా జట్లు కట్టాల్సి రావడంతో, కూత అంటే ఎరగనివాళ్లు కూడా కూతకు వెళ్లారు. ఇలా అందరికీ కూత నేర్పడానికి బడి మైదానంలో పీఈటీలు చేయించదగ్గ సాధన ఒకటుంది. ప్రాక్టీసు మ్యాచ్‌లో ఏ పిల్లవాడూ వరుసగా రెండు కూతలకు వెళ్లకూడదని షరతు పెట్టి, ఏడుగురినీ వరుసగా తిప్పడం. మొదటి వారం సగం కూతలు బాక్‌లైన్ దాటవు. డిఫెండర్‌గా పేరున్న పిల్లవాడు ఊపిరి అందక మధ్యలోనే వెనక్కి వస్తాడు. పది పన్నెండు రోజులు గడిస్తే అతడికి ఇంకో సంగతి తెలిసొస్తుంది. రైడర్ కాలు ఎప్పుడు తేలికవుతుందో తాను వెళ్లి చూశాడు కాబట్టి, మూలన నిలబడ్డప్పుడు ఆ చీలమండ మీద చెయ్యి ఎప్పుడు వెయ్యాలో కూడా తెలుస్తుంది.